అణు విద్యుత్ భద్రత: బొగ్గు, గ్యాస్, డ్యామ్‌లు, సోలార్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే

#1 కళింగతీరం

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టాలనుకుంటున్న అణు విద్యుత్ కేంద్రం మాట వచ్చిన ప్రతిసారీ చర్చ రెండు ముక్కల్లో తెగిపోతోంది. ఒకరు చెర్నోబిల్ అంటారు. ఇంకొకరు "అన్నిటికంటే భద్రమైనది అణు విద్యుత్తే, లెక్కలు చూసుకోండి" అంటారు. ఆ లెక్క ఎలా వచ్చింది, అందులో ఏం కలిపారు, ఏం వదిలేశారు అన్నది ఎవరూ విప్పి చెప్పడం లేదు. రణస్థలం మండలంలో 1208 మెగావాట్ల ఏపీ-1000 రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు (ఆ ఏపీ రియాక్టర్ మోడల్ పేరు, మన రాష్ట్రం పేరు కాదు). అక్కడి జనానికి నినాదాలు అక్కర్లేదు, వివరాలు కావాలి.

తెలిసినవాళ్లు ఈ మూడూ చెప్పండి. ఒక్కో యూనిట్ కరెంటుకి ఏ ఇంధనం ఎంతమందిని పొట్టన పెట్టుకుంటోంది? రియాక్టర్‌లో నిజంగా ఏది చెడితే ప్రమాదం అవుతుంది? పక్క ఊళ్లవాళ్లు ముందుగా ఏం అడగాలి, ఏం తెలుసుకోవాలి?

#2 భారజలం

ముందు లెక్క చూద్దాం. అందరూ తిప్పుతున్న పట్టిక ఔర్ వరల్డ్ ఇన్ డేటా అనే వెబ్‌సైట్ వాళ్లు కూర్చినది. వంద కోట్ల యూనిట్లు, అంటే ఒక టెరావాట్-అవర్ కరెంటు తయారీకి ఎన్ని ప్రాణాలు పోతున్నాయన్నది కొలత. ఆంధ్రప్రదేశ్ మొత్తం నాలుగైదు రోజుల్లో వాడేంత కరెంటు అది. ఆ కొలతలో బొగ్గుకి 24.6, చమురుకి 18.4, బయోమాస్‌కి 4.6, గ్యాస్‌కి 2.8, జలవిద్యుత్‌కి 1.3, గాలిమరలకి 0.04, అణువుకి 0.03, సోలార్‌కి 0.02.

ఇందులో రెండు విషయాలు పట్టుకోవాలి. చివరి మూడింటి మధ్య తేడా చూసి "సోలార్ కంటే అణువు ప్రమాదం" అనో, "గాలిమర కంటే అణువు నయం" అనో వాదించడం అనవసరం. అంత చిన్న అంకెల్లో ఒక్క ప్రమాదం లెక్క మారితే వరుస మారిపోతుంది. ఇక అణువు అంకెలో చెర్నోబిల్, జపాన్ ఫుకుషిమా ప్రమాదాలు రెండూ ఉన్నాయి, వాటిని పక్కన పెట్టి వేసినది కాదు. ఫుకుషిమా నుంచి జనాన్ని ఖాళీ చేయించడంలో పోయిన దాదాపు 2,300 ప్రాణాలు కూడా అందులోవే.

చెర్నోబిల్ మృతుల మీద గొడవ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. పేలుడులోనూ, తర్వాత కొన్ని వారాల్లో తీవ్ర రేడియేషన్ జబ్బుతోనూ పోయినవాళ్లు ముప్పై మంది. ఎక్కువ డోసు తగిలిన ఆరు లక్షల మందిలో జీవితకాలంలో క్యాన్సర్‌తో అదనంగా 4,000 మంది వరకు పోవచ్చని 2005లో చెర్నోబిల్ ఫోరం అంచనా. ఇంతకు చాలా రెట్లు చెప్పేవాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో ఇప్పటిదాకా అణు విద్యుత్ మొత్తం దాదాపు లక్ష టెరావాట్-అవర్లు. చెర్నోబిల్‌కి 4,000 తీసుకుంటే అంకె 0.06 దగ్గర, ఏకంగా 60,000 తీసుకుంటే 0.6 దగ్గర తేలుతుంది. అప్పుడూ గ్యాస్‌లో నాలుగో వంతు కూడా కాదు, బొగ్గులో నలభయ్యో వంతు.

#3 బొగ్గుబాయి

ఆ 24.6ల గని ప్రమాదాలు చిన్న భాగమే. అసలు భాగం పొగగొట్టం.

1000 మెగావాట్ల స్టేషన్ 75 శాతం లోడ్ మీద ఏడాది నడిస్తే 650 కోట్ల యూనిట్ల పైన వస్తది. మన బొగ్గుతోని యూనిట్‌కి ముప్పావు కిలోకి కొంచెం తక్కువ పడ్తది. అంటే ఏడాదికి 45 లక్షల టన్నుల బొగ్గు. బూడిద 35 శాతం వేసుకున్నా 15 లక్షల టన్నులు. అండ్ల తడిపి చెరువుకు పంపేది కొంత, సిమెంటుకు, ఇటుకలకు పోయేది కొంత. చెరువు ఎండిపోయి నీళ్లు చల్లకుంటే ఎండాకాలం గాలికి ఆ బూడిద లేచి ఊళ్ల మీద పడ్తది.

కనిపించే బూడిద కంటే కనిపించనిదే ఎక్కువ చంపుతది. పొగల బూడిదను కరెంటుతోని పట్టే ఈఎస్‌పీ బాగుంటే బూడిదని 99 శాతానికి పైగా పట్టుకుంటది. కానీ ఆ బూడిద పడే హాపర్లు టైముకు ఖాళీ చెయ్యక బూడిద ఎలక్ట్రోడ్ల దాకా పేరుకుంటే ఆ ఫీల్డ్ షార్టయ్యి ట్రిప్పయితది. లోడ్ తగ్గించకుండ అట్లనే నడిపిస్తే ఆ ఫీల్డ్ పట్టాల్సిందంతా చిమ్నీలకెల్లి పోతది. ఈఎస్‌పీ ఎంత మంచిగున్నా గ్యాస్‌ని మాత్రం పట్టదు. సల్ఫర్ డయాక్సైడ్ గాలిల పోయి, వందల కిలోమీటర్ల అవతల సల్ఫేట్ నుసి అయి, పీఎం 2.5 అనే అతి సన్న ధూళి రూపంల ఊపిరితిత్తులకు చేరుతది. దాన్ని ఆపాల్నంటే సున్నపురాయి నీళ్లతోని పొగను కడిగే ఎఫ్‌జీడీ పెట్టాలె. 2015 డిసెంబర్‌ల నియమం వచ్చింది, గడువులు పెంచుకుంట పోయిన్రు, 2025 జులైల ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేసిన్రు.

ఇంకో మాట. ఆ 24.6 యూరప్ ప్లాంట్ల మీద, యూరప్ జనం మీద కట్టిన లెక్క. ఎఫ్‌జీడీ లేకుండ, ఇంత జనసాంద్రత నడుమ నడిచే మన ప్లాంట్లకు అది తక్కువ అంచనా అనే నా అభిప్రాయం.

పెద్ద ప్రమాదాలు బొగ్గుల కావన్నది కూడా తప్పే. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్ ఉంచాహార్‌ల 500 మెగావాట్ల యూనిట్ ఫర్నేస్ అడుగున బూడిద గడ్డకట్టి పేరుకున్నది. యూనిట్ ఆపకుండనే తీయబోయిన్రు. లోపల ప్రెషర్ పెరిగి వేడి గ్యాస్, బూడిద బయటికి కొట్టి 40 మందికి పైగా చచ్చిపోయిన్రు.

#4 ఉప్పుగాలి

అంకెలు కాదనను. కానీ చావులు ఒక్కటే కొలిస్తే చాలదు. చెర్నోబిల్ చుట్టూ 30 కిలోమీటర్ల మేర ఊళ్లు ఖాళీ. ప్రిప్యాత్‌లో దాదాపు 49,000 మంది ఒక్క మధ్యాహ్నంలో ఇళ్లు వదిలారు. ఫుకుషిమాలో లక్షన్నర మందికి పైగా కదిలారు. ఆసుపత్రి మంచాల మీద ఉన్న వృద్ధుల్ని బస్సుల్లో గంటల తరబడి తిప్పితే పదుల సంఖ్యలో దారిలోనో, చేరాకో పోయారు. వాళ్లను చంపింది రేడియేషన్ కాదు, ప్రణాళిక లేకుండా చేసిన తరలింపు. పొలం, చేపల వేట, ఊరు పోయినవాడి నష్టం ఆ పట్టికలో సున్నా.

ఇంకొకటి. సీజియం-137 సగం తగ్గడానికి 30 ఏళ్లు. బాయిలర్ పేలితే నెలల్లో బాగుచేసుకుంటారు, సీజియం పడిన నేల మూడు తరాలకు అక్కరకు రాదు. కాబట్టి "సగటున తక్కువ" అనే మాట, ఒకే చోట ఒకే తరం మీద మొత్తం భారం పడేవాళ్లకు ఊరట ఇవ్వదు.

పర్యవేక్షణ సంగతి కూడా చెప్పుకోవాలి. అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. అప్పటికి దానికి చట్టపరమైన స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదికే ఎత్తిచూపింది. కట్టేవాడికీ తనిఖీ చేసేవాడికీ మధ్య దూరం లేకపోతే కాంక్రీటు ఎంత మందంగా పోసినా నమ్మకం కుదరదు.

#5 భారజలం

ఉప్పుగాలి గారూ, తరలింపు గురించి మీరన్నది అక్షరాలా నిజం. నియంత్రణ గురించి కూడా. కళింగతీరం గారి రెండో ప్రశ్నకి వస్తాను.

బొగ్గు బాయిలర్‌కి ఫీడర్లు ఆపితే మంట ఆరిపోతుంది. రియాక్టర్ ఆపినా వేడి ఆగదు, తేడా అంతా అక్కడే ఉంది. చీలిన యురేనియం పరమాణువుల ముక్కలు విచ్ఛిన్నమవుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. దీన్ని డికే హీట్ అంటారు. గుజరాత్ కాక్రాపార్‌లో ఉన్నలాంటి 700 మెగావాట్ల భారజల (బరువైన హైడ్రోజన్ ఉన్న నీటితో నడిచే) రియాక్టర్‌ని తీసుకుందాం. లోపల పుట్టే వేడి సుమారు 2,160 మెగావాట్లు. ఆపిన క్షణంలో ఇంకా 6-7 శాతం, అంటే 140 మెగావాట్ల వేడి ఉంటుంది. గంటకు ఒకటిన్నర శాతానికి దిగుతుంది, 32 మెగావాట్లు. ఒక రోజుకు అర శాతం దగ్గర, 10 మెగావాట్లు.

ఇదంతా నీళ్లలోకి మార్చి చూడండి. 30 డిగ్రీల నీటిని మరిగించి ఆవిరి చేస్తే కిలోకి దాదాపు 2.55 మెగాజౌళ్ల వేడి తీసుకుపోతుంది. అంటే ఆపిన గంట తర్వాత గంటకు 45 టన్నుల నీళ్లు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. ఒక రోజు తర్వాత గంటకు 14 టన్నులు, ఒకటిన్నర ట్యాంకర్. ఇదేమీ ఊహకందని పరిమాణం కాదు. ఒక మంచి ఫైర్ ఇంజన్ పంపు నిమిషానికి రెండు వేల లీటర్లు కొట్టగలదు. చిక్కు పరిమాణంలో లేదు, ప్రెషర్‌లో ఉంది. రియాక్టర్ వేడితో ఆవిరి తయారయ్యే స్టీమ్ జనరేటర్‌లో ప్రెషర్ 40 బార్‌కి పైగా ఉంటే పది బార్ దగ్గర ఆగిపోయే ఫైర్ పంపు నీళ్లు లోపలికి పోవు. ముందు వాల్వులు తెరిచి ఆవిరి వదిలి ప్రెషర్ దించాలి. వాల్వు తెరవాలంటే కరెంటో, గాలి ప్రెషరో, చేతిచక్రమో ఉండాలి.

ఫుకుషిమాలో జరిగింది ఇదే. 2011 మార్చి 11న మధ్యాహ్నం 2:46కి భూకంపం వస్తే నడుస్తున్న మూడు రియాక్టర్లూ వెంటనే ఆగాయి. లైన్లు పడిపోయాయి, డీజిల్ జనరేటర్లు స్టార్టయ్యాయి. అంతవరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి. యాభై నిమిషాలకు 14-15 మీటర్ల అల వచ్చింది. ప్లాంట్‌ని తట్టుకునేలా చూసుకున్న అల ఎత్తు 5.7 మీటర్లు, 1 నుంచి 4 యూనిట్ల నేల ఎత్తు 10 మీటర్లు. జనరేటర్లు ఎక్కువగా భవనాల బేస్‌మెంట్లలో ఉన్నాయి, మునిగాయి. పైన ఉన్న గాలితో చల్లబడే జనరేటర్లు కొన్ని బాగానే ఉన్నా వాటి కరెంటు పంచే స్విచ్‌గేర్ ప్యానెళ్లు కింద ఉండి తడిశాయి. ఆరో యూనిట్‌ది ఒక్కటే బతికింది, అదే 5, 6 యూనిట్లను కాపాడింది.

నడుస్తూ ఆగిన ఆ మూడింటిలో నీళ్లు ఆవిరైపోయి, ఇంధన గొట్టాల జిర్కోనియం వేడెక్కి, ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టింది. పేలిన భవనాలన్నీ ఆ హైడ్రోజన్ వల్లే.

దాదాపు అంతే అల తాకిన ఒనగావా ప్లాంట్ భూకంప కేంద్రానికి ఫుకుషిమా కంటే దగ్గర. దాన్ని కట్టింది 14.8 మీటర్ల ఎత్తున. భద్రంగా ఆగింది, ఊరిజనం వచ్చి ప్లాంట్ జిమ్‌లో తలదాచుకున్నారు.

#6 ట్రిప్‌రిలే

భారజలం గారు ప్రెషర్ దగ్గర ఆపారు, ఎలక్ట్రికల్ వైపు నుంచి అందుకుంటాను. రియాక్టర్ గురించి అందరూ కోర్, కోర్ అంటారు. నా లెక్కలో ముందు చూడాల్సింది డీసీ. బ్యాటరీ బ్యాంక్ పోతే బ్రేకర్ ట్రిప్ కాదు, రిలే పనిచేయదు, వాల్వ్ ఎక్కడుందో తెలియదు, మీటర్లన్నీ చీకటి. ఫుకుషిమా మూడో యూనిట్‌లో ప్రెషర్ దించే వాల్వ్ తెరవడానికి పది కారు బ్యాటరీలు సిరీస్‌లో కలిపి 120 వోల్టులు తెచ్చుకున్నారు. వేల కోట్ల ప్లాంట్ ఆ పూట కారు బ్యాటరీల మీద ఆధారపడింది.

మన దగ్గర దీనికి పాఠం నరోరా, 1993 మార్చి 31, తెల్లవారుజామున 3:31. ఉత్తరప్రదేశ్‌లో 220 మెగావాట్ల యూనిట్. టర్బైన్ చివరి వరుసలో రెండు బ్లేడ్లు విరిగాయి. బ్యాలెన్స్ తప్పి విపరీతమైన వైబ్రేషన్. జనరేటర్‌ని చల్లబరిచే హైడ్రోజన్ లీకై అంటుకుంది, బేరింగ్ ఆయిల్ తోడైంది. మంట కేబుళ్ల వెంట పాకింది. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని వేసిన ప్రత్యామ్నాయ పవర్ కేబుళ్లు కూడా మంటను ఆపే అడ్డుగోడ లేకుండా ఒకే దారిలో పరిచి ఉన్నాయి. అన్నీ కలిసి కాలాయి. స్టేషన్ మొత్తానికి కరెంటు పోయింది, 17 గంటలు రాలేదు. పొగ నిండి కంట్రోల్ రూమ్ వదలాల్సి వచ్చింది.

నిలబెట్టినవి మూడు. రియాక్టర్‌ని మొదటి నిమిషంలోనే చేత్తో ట్రిప్ చేశారు. తర్వాత కరెంటుతో పనిలేని డీజిల్ ఫైర్ పంపులు స్టార్ట్ చేసి స్టీమ్ జనరేటర్లలోకి నీళ్లు పెట్టారు. స్టీమ్ జనరేటర్లు కోర్ కంటే పైన ఉంటాయి కాబట్టి వేడెక్కిన భారజలం పైకి, చల్లబడింది కిందికి దానంతటదే తిరిగింది, పంపు అక్కర్లేకుండా. మూడోది, ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రావణాన్ని వదిలారు, రియాక్టర్ తిరిగి రాజుకోకుండా. కోర్ దెబ్బతినలేదు. అణు ఘటనల తీవ్రత కొలిచే అంతర్జాతీయ స్కేలు మీద ఏడింటిలో మూడో స్థాయి.

ఆ రకం బ్లేడ్లలో పగుళ్లు వస్తాయని తయారీదారు హెచ్చరిక ముందే వచ్చి ఉంది. అది కాగితాల్లో ఉండిపోయింది. అణు ప్రమాదం అనగానే యురేనియమే గుర్తొస్తుంది, ఇక్కడ మొదలైంది ఏ థర్మల్ స్టేషన్‌లోనైనా ఉండే టర్బైన్ హాల్లో.

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం కూడా ఇలాగే చూడండి. 2020 ఆగస్టు 20 రాత్రి బ్యాటరీల పని జరుగుతున్న సమయంలో ప్యానెళ్లలో మంటలు, పొగ సొరంగమంతా నిండింది, తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ యురేనియం గింజ లేదు. డీసీ, కేబుల్, పొగ బయటికి పోయే దారి, మనుషులు బయటికొచ్చే దారి: ఈ నాలుగూ ఏ ప్లాంట్‌లోనైనా అవే.

#7 తూముగట్టు

జలవిద్యుత్ 1.3 గురించి ఒక వివరం. అందులో దాదాపు మొత్తం 1975 ఆగస్టులో చైనా హెనాన్‌లో తెగిన బాన్‌చియావ్ డ్యామ్‌దే. తుఫాను వాన, వరుసగా తెగిన డ్యామ్‌లు, తర్వాత వచ్చిన కరువు, అంటురోగాలు కలిపి 1,71,000 మంది అన్న అంచనాని లెక్కలో వేశారు. అది తీసేస్తే జలవిద్యుత్ 0.04కి, గాలిమరల పక్కకి దిగుతుంది. ఒక్క రాత్రి జరిగిన ఘోరంతో మొత్తం సగటు మారిపోవడం అణువు ఒక్కదాని లక్షణం కాదు.

యంత్రం వైపు చూస్తే రష్యా సయానో-షుషెన్స్‌కయా, 2009 ఆగస్టు 17. 640 మెగావాట్ల టర్బైన్ మీది మూత బిగించే స్టడ్ బోల్టులు ఏళ్ల వైబ్రేషన్‌కి అలిసిపోయి పగుళ్లు పట్టి తెగాయి. 900 టన్నులకు పైగా ఉన్న రోటర్ నీటి తోపుకి పైకి లేచింది, హాలంతా వరద, 75 మంది చనిపోయారు. బోల్టుల్ని అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తే పట్టుకోగలిగేవే ఆ పగుళ్లు. ఇన్‌టేక్ గేట్లు మూయడానికి కూడా కరెంటు లేక మనుషులు డ్యామ్ పైకి పరుగెత్తి చేత్తో దించారు. ట్రిప్‌రిలే గారు చెప్పినదే మళ్లీ.

#8 గోదారిగట్టు

గ్యాస్ 2.8 అని చదివి వదిలేశారండీ అందరూ. కోనసీమలో అడగండి ఆ అంకె ఎలా ఉంటుందో. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో బ్లోఅవుట్, మంట 65 రోజులు ఆగలేదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్‌కి వేసిన లైన్‌లో నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్ నడిస్తే అడుగున చేరిన నీరు ఇనుమును లోపల్నుంచి తినేస్తుంది. పిగ్గింగ్ చేసి, అంటే లైన్ లోపలికి పరికరం పంపి గోడ మందం కొలిస్తేనే తెలుస్తుంది, పైన చూస్తే తెలీదు. తెల్లవారుజామున లీకైన గ్యాస్ నేల మీద పొగమంచులా పరుచుకుని ఉంటే పొయ్యి వెలిగించడమే చాలు.

ఆ రెండు ఊళ్లకీ ముందు ఎవరూ సభ పెట్టి ప్రమాదం ఇదీ అని చెప్పలేదు. అణువుకి అడిగినన్ని ప్రశ్నలు దీనికీ అడగాలి.

#9 ఉప్పుగాలి

నరోరా వివరం బాగుంది. అయితే ఒకటి సూటిగా అడుగుతాను. చెర్నోబిల్ రియాక్టర్‌లో నీళ్లు ఆవిరైతే పవర్ తగ్గాల్సింది పోయి పెరిగింది అంటారు. మన భారజల రియాక్టర్లకు కూడా ఆ గుణం ఉందని చదివాను. నిజమేనా?

#10 భారజలం

నిజమే. దాన్ని దాచి మాట్లాడటం మంచిది కాదు. ఇంధనం చుట్టూ ప్రవహించే కూలెంట్‌లో బుడగలు ఏర్పడితే మన భారజల రియాక్టర్లలో కూడా రియాక్టివిటీ, అంటే పవర్ పెరిగే గుణం, కొంత పెరుగుతుంది. తేడాలు ఇవీ.

చెర్నోబిల్‌లోని ఆర్‌బీఎంకే రకం రియాక్టర్‌లో ఆ గుణం చాలా ఎక్కువ. దాన్ని ఆపే రాడ్లు పూర్తిగా దిగడానికి 18-20 సెకన్లు. పైగా రాడ్ల కింద గ్రాఫైట్ ముక్క ఉండటంతో పూర్తిగా పైకి లాగిన రాడ్ దిగడం మొదలెట్టగానే అడుగు భాగంలో పవర్ ముందు పెరుగుతుంది. 1986 ఏప్రిల్ 26 రాత్రి టర్బైన్ పరీక్ష కోసం పవర్ మరీ దించారు. చీలికను అణిచే జెనాన్ వాయువు పేరుకుని పవర్ లేవకపోతే రాడ్లు దాదాపు అన్నీ పైకి లాగేశారు. 1:23కి ఆపే బటన్ నొక్కితే ఆ బటనే నిప్పు రాజేసింది. చుట్టూ పూర్తి కంటైన్‌మెంట్ గోడ కూడా లేదు.

700 మెగావాట్ల మన రియాక్టర్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆపే వ్యవస్థలు ఉన్నాయి. ఒకటి 28 కాడ్మియం రాడ్లు, తక్కువ ప్రెషర్‌లో ఉండే మోడరేటర్‌లోకి (న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం తొట్టి) రెండు మూడు సెకన్లలో పడతాయి. రెండోది గాడోలినియం నైట్రేట్ ద్రావణం, హీలియం ప్రెషర్‌తో మోడరేటర్‌లోకి దూసుకొస్తుంది. కొవ్వాడకి అనుకుంటున్న ఏపీ-1000లోనూ, కూడంకుళంలోని రష్యా రకం వీవీఈఆర్‌లోనూ బుడగలు వస్తే పవర్ తగ్గుతుంది, కాబట్టి ఈ ప్రశ్న వాటికి అలా వర్తించదు.

భారజల రియాక్టర్లలో నేను ఎక్కువ చూసేది ప్రెషర్ ట్యూబులు. వందల ట్యూబులు, ఒక్కోదానికీ వయసు, సాగుడు, హైడ్రోజన్ పీల్చుకోవడం. 2016 మార్చి 11న కాక్రాపార్ ఒకటో యూనిట్‌లో ఒక కూలెంట్ ఛానెల్ లీకైంది. ఎమర్జెన్సీ కూలింగ్ పనిచేసింది, ప్లాంట్ ఎమర్జెన్సీ ప్రకటించారు, యూనిట్ మళ్లీ నడవడానికి సంవత్సరాలు పట్టింది.

#11 రేగడిచేను

మీరంతా రియాక్టర్ దగ్గరే తిరుగుతున్నారు. యురేనియం ఎక్కడి నుంచి వస్తాందో చూడండి. కడప జిల్లా తుమ్మలపల్లె. ఖనిజంలో యురేనియం 0.05 శాతం కూడా ఉండదు. కిలో తీయాలంటే రెండు టన్నులకు పైగా రాయి తవ్వి, పొడిచేసి, సోడియం కార్బొనేట్‌తో ప్రెషర్‌లో ఉడికించాలి. 1000 మెగావాట్ల భారజల రియాక్టర్లకు ఏడాదికి 140 టన్నుల యురేనియం వేసుకుంటే వ్యర్థం బురద మూడు లక్షల టన్నులు దగ్గరగా. బొగ్గుబాయి గారు చెప్పిన బూడిదలో ఐదో వంతు, తక్కువే. కానీ ఇందులో రేడియం ఉంటుంది, రాడాన్ వస్తుంది, సోడియం, సల్ఫేట్ ఉంటాయి, ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

ఆ బురద నిల్వ చేసే చెరువు చుట్టుపక్కల కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు మాడిపోతున్నాయని ఏళ్లుగా చెప్తాండారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. తవ్వే సంస్థ మా వల్ల కాదంది. ఇలాంటి చోట తేల్చే మార్గం ఒక్కటే: తవ్వకం మొదలు కాకముందు ప్రతి బోరు నీటి పరీక్ష కాగితం చేతిలో ఉండాలి. అది లేకపోతే "మీ నేలలో ముందే ఉంది" అన్న మాటకు జవాబు ఉండదు. యురేనియం ఒక్కటే కొలిపిస్తే సరిపోదు. టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం), సల్ఫేట్, సోడియం కూడా ఆరు నెలలకోసారి. బురద నీరు కిందికి దిగితే ముందు పెరిగేవి ఉప్పులే, యురేనియం తర్వాత వస్తుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు.

2019లో నల్లమలలో జనం అడ్డుకున్నది కూడా ఈ నీళ్ల భయంతోనే. రియాక్టర్ గోడల కథ చెప్పి దీన్ని దాటవేస్తే న్యాయం కాదు.

#12 బొగ్గుబాయి

రేగడిచేను గారి మాటకు ఒకటి కలుపుతా. భారజలం తయారయ్యే మణుగూరుల రేడియేషన్ భయం లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ భయం ఉన్నది. నీటిల డ్యుటీరియం పోగుచెయ్యడానికి ఆ గ్యాస్‌ని టన్నులకొద్ది టవర్లల తిప్పుతరు. తక్కువుంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెల్వది, అప్పుడే ప్రాణం మీదికి వస్తది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. గాలి ఎటు వీస్తున్నదో జెండా గొట్టం చూసి, గాలికి అడ్డం దిక్కుకు ఉరకాలె, పల్లంల ఉండొద్దు, ఆ గ్యాస్ గాలికంటే బరువు.

#13 కళింగతీరం

అందరికీ ధన్యవాదాలు. ఇంకా రెండున్నాయి. వాడేసిన ఇంధనం ఎంత జాగా తీసుకుంటుంది? ప్రమాదం జరిగితే ప్లాంట్‌కి 16 కిలోమీటర్ల లోపు ఇంట్లో ఉన్న మనిషి గంటగంటకీ ఏం చేయాలి?

#14 భారజలం

ఇంధనం: హైదరాబాద్‌లోని అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీలో తయారయ్యే బండిల్ (ఇంధన గొట్టాల కట్ట) అరమీటరు పొడవు, పది సెంటీమీటర్ల మందం. పైన చెప్పిన 140 టన్నులంటే ఏడువేల పైచిలుకు బండిళ్లు. ఒకదాని పక్కన ఒకటి పేర్చితే దాదాపు పదకొండు అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఒక గది. అలా పేర్చకూడదు, వేడి పోవాలి కాబట్టి కొన్నేళ్లు నీటి కొలనులో దూరదూరంగా ఉంచుతారు. తర్వాత మన దేశంలో రీప్రాసెస్ చేసి, అంటే మళ్లీ పనికొచ్చేది వేరుచేసి, మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు. ఆ గాజుని వేల ఏళ్లు పెట్టే భూగర్భ స్థలం మనకింకా లేదు. కొలను కూడా రియాక్టర్ లాంటిదే, నీళ్లు తగ్గకుండా చూడాలి.

ఇంట్లో మనిషికి: సైరన్ లేదా మైకు ప్రకటన రాగానే లోపలికి వెళ్లి తలుపులు, కిటికీలు మూయాలి. ఎయిర్ కూలర్ వెంటనే కట్టేయాలి, అది బయటి గాలినే లోపలికి లాగుతుంది. బయట తిరిగి వచ్చినవాళ్లు బట్టలు గుమ్మం దగ్గరే విప్పి సంచిలో కట్టి, తలతో సహా స్నానం చేయాలి. మూత లేని బావి నీళ్లు, కోసిన ఆకుకూరలు, బయట మేసిన పశువుల పాలు వాడకూడదు. పశువులకు కొట్టంలో దాచిన గడ్డి వేయాలి. చెర్నోబిల్ పిల్లల థైరాయిడ్ క్యాన్సర్లు వేలల్లో వచ్చింది పాల ద్వారానే. గడ్డి మీద పడిన అయోడిన్-131 ఆవు ద్వారా గ్లాసులోకి చేరింది. దాని సగం ఆయువు ఎనిమిది రోజులే, రెండు మూడు నెలలు ఆ పాలు ఆపితే చాలా వరకు తప్పేది. ఆ పాలు పొడి చేసి నిల్వ ఉంచినా సరిపోయేది.

అధికారులు చెప్పకుండా కార్లేసుకుని రోడ్డెక్కకూడదు. రేడియేషన్ మేఘం ఎటు వెళ్తోందో తెలియకుండా వెళ్తే దానికి ఎదురెళ్లొచ్చు.

#15 ఉప్పుగాలి

కొవ్వాడలో నేను అడిగేవి రాస్తాను. సునామీ ఒక్కటే కాదు, ఈ తీరానికి తుఫాను అసలు సమస్య. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి ట్రాన్స్‌మిషన్ టవర్లు వంగిపోయి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. 2018లో తిత్లీ శ్రీకాకుళాన్నే కొట్టింది. గ్రిడ్ అన్ని రోజులు లేకపోతే ఏం చేస్తారు? ఏపీ-1000 మీది ట్యాంకులో 28 లక్షల లీటర్లకు పైగా నీళ్లు, 72 గంటలు మనిషి, కరెంటు అవసరం లేదంటారు. 73వ గంటకు ఆ ట్యాంకు నింపే నీళ్లు ఎక్కడివి, పంపు ఏది, దాని డీజిల్ ఎన్ని రోజులకు ఉంది, కూలిన చెట్ల మధ్య ఆ డీజిల్ ఏ రోడ్డున వస్తుంది? ఊళ్లు ఖాళీ చేయాల్సి వస్తే తుఫాను గాలిలో బస్సులు ఎలా నడుస్తాయి? మంచాన ఉన్నవాళ్ల పేర్లు ఏ ఊళ్లో ఎవరి దగ్గర రాసి ఉన్నాయి?

#16 ట్రిప్‌రిలే

వాటికి మూడు కలుపుకోండి. డీజిల్ సెట్లు, స్విచ్‌గేర్ ప్యానెళ్లు, బ్యాటరీ గదులు మూడూ ఎంత ఎత్తున ఉన్నాయో సముద్రమట్టం నుంచి మీటర్లలో విడివిడిగా అడగండి. "జనరేటర్లు ఎత్తున పెట్టాం" అంటే చాలదు, ఫుకుషిమాలో పైనున్న జనరేటర్లు బాగున్నా ప్యానెళ్లు మునిగాయి. ఒక ట్రెయిన్ (ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని పెట్టే సెట్) కేబుళ్లు, రెండో ట్రెయిన్ కేబుళ్లు ఏ గోడకి అటూ ఇటూ పోతున్నాయో డ్రాయింగ్‌లో చూపించమనండి. బ్యాటరీలు లోడ్ మీద ఎన్ని గంటలు నిలుస్తాయో చివరిసారి డిశ్చార్జ్ పరీక్ష ఎప్పుడు చేశారో ఏ ప్లాంట్‌నైనా అడగొచ్చు.

2004 డిసెంబర్ 26 సునామీకి కల్పాక్కం పంపుహౌస్‌లోకి సముద్రం వచ్చింది, నడుస్తున్న రెండో యూనిట్‌ని భద్రంగా ఆపారు. పవర్ సరఫరా చెడలేదు కాబట్టే అంత సాఫీగా జరిగింది.

#17 గోదారిగట్టు

సోలార్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. సోలార్‌లో ప్రాణం తీసే ప్రమాదాల్లో ఒకటి ఇంటి కప్పు మీంచి పడటం. బెల్టు, తాడు లేకుండా రేకుల మీద ఎక్కించొద్దండి. కరెంటు వైపు, వేరే వేరే కంపెనీల ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్లు కలిపేవి) కలిపి నొక్కితే కాంటాక్టు వదులై వేడెక్కి ఆర్క్, అంటే ఆగని నిప్పురవ్వ వస్తుంది. డీసీ ఆర్క్ ఏసీలా సున్నా దాటదు కాబట్టి దానంతటది ఆరదు. మంట వస్తే ఇన్వర్టర్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ నుంచి వచ్చే వైర్లో వందల వోల్టులు ఉంటాయి, ఆ సంగతి ఫైర్ వాళ్లకి చెప్పాలి.

#18 కళింగతీరం

అయోడిన్ మాత్ర గురించి ఎవరూ చెప్పలేదు. కొందరు టింక్చర్ తాగొచ్చనీ, అయోడిన్ ఉప్పు ఎక్కువ తినొచ్చనీ అంటున్నారు.

#19 భారజలం

రెండూ వద్దు. టింక్చర్ విషం. ఉప్పులో కిలోకి 15 మిల్లీగ్రాముల అయోడిన్ అనుకుంటే ఒక మాత్రకి సరిపడా రావాలంటే ఆరేడు కిలోల ఉప్పు తినాలి. మాత్ర పొటాషియం అయొడైడ్, పెద్దవాళ్లకు 130 మిల్లీగ్రాములు, మూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు 65, మూడేళ్ల లోపు 32, నెల లోపు పసికందుకి 16. రేడియేషన్ గాలి రాకముందో, వచ్చిన కొన్ని గంటల్లోనో వేసుకోవాలి. రోజు దాటితే లాభం లేదు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ముందు. నలభై దాటినవాళ్లకు అవసరం తక్కువ. ఇది థైరాయిడ్ ఒక్కదాన్నే కాపాడుతుంది, సీజియంకి పనిచేయదు. అధికారులు వేసుకోమని చెప్పాకే వేసుకోవాలి. కాబట్టి సభలో అడగాల్సింది, మాత్రలు జిల్లా కేంద్రంలో ఉన్నాయా, ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉన్నాయా, వాటి గడువు తేదీ ఎవరు చూస్తున్నారు అని.